రేడియోధార్మిక కోడలు

ఇంటర్ పిల్లలకు బీటా క్షయం చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయిందనుకునేదాన్ని. అరగలేదు, థైరాయిడ్‌లో క్యాన్సర్ గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశాక, మిగిలిన కణాలను చంపడానికి రేడియోధార్మిక అయోడిన్ క్యాప్సూల్ మింగించారు. ఇన్నాళ్ళూ బోర్డు మీద గీసిన పాఠాన్ని కడుపులో వేసుకుని విజయవాడలో మా ఫ్లాట్‌కు వచ్చాను. వారం పాటు వేరే గదిలో ఉండాలనీ, ముఖ్యంగా గర్భిణులను దగ్గరకు రానివ్వొద్దనీ డాక్టరు గారు చెప్పారు.

మాకో గర్భిణి ఉంది. మా ఆడపడుచు, పురిటికి కంకిపాడులో పుట్టింటికి వచ్చింది. ఆపరేషనైన మనిషిని బత్తాయిలు పట్టుకెళ్ళి పలకరించకపోతే మా వాళ్ళలో మనుషుల కింద లెక్క కాదు. తల్లీకూతుళ్ళు బయలుదేరుతున్నామని ఫోన్ చేశారు. ఆ బిడ్డకు నా వల్ల ఏమైనా అయితే? నిజంగా భయమేసింది.

"అత్తయ్యా, న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోయి అయోడిన్ కాస్తా జెనాన్ అవుతుందండీ. అప్పుడో ఎలక్ట్రాన్ బయటికి దూకుతుంది, అదే బీటా కణం. అది నా గొంతు దాటి రాదనుకోండి. కానీ వెనకాలే గామా కిరణం..."

"దూకేవాటిని దూకనీ. మమ్మల్ని రావద్దంటావు, అంతేగా? నా కూతురు నీకంత కానిదైపోయిందా?"

గది బయట నుంచే మా ఆయన స్పీకర్ ఫోన్‌లోకి అరిచాడు. "అదేం కాదమ్మా, దానికి ఆటలమ్మ పోసింది!"

అంతే. అణుశాస్త్రం వల్ల కానిది ఆటలమ్మ వల్ల అయింది. ఆడపడుచు ప్రయాణం మానుకుంది. మా ఆయన గుమ్మానికి వేపకొమ్మ కట్టి, నెగ్గానన్న ధీమాతో వంటింట్లోకి వెళ్ళి పప్పుచారు కాచాడు.

చిన్నప్పుడే ఆటలమ్మ పోసిన మా అత్తగారికి మాత్రం ఏ భయమూ లేదు. ఒక్కతే బస్సెక్కి వచ్చేసింది. లోపలికి అడుగుపెడుతూనే ఆగిపోయింది.

"అమ్మవారు పోసిన ఇంట్లో ఇంగువ పోపేంట్రా?"

అమ్మవారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పోపు పెట్టకూడదని ఆ మహానుభావుడికి తెలియదు. ఇక దాచేదేముంది? మూసిన తలుపు వెనక నుంచే నిజం చెప్పేశాను.

"పుట్టబోయే బిడ్డకు మంచిది కాదనే అత్తయ్యా. మీరూ వెళ్ళిపోండి, ఆ మందు ఇంకా నా ఒంట్లోనే ఉంది." చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

అవతల ఆవిడ కూతురితో ఫోన్లో, "కాన్పయ్యేదాకా నువ్విటు రామాకు" అనడం వినిపించింది.

"ఇదిగో అమ్మాయ్, ఎంత దూరంలో కూర్చోవాలో చెప్పు. పొమ్మని మాత్రం అనమాక."

హాలు చివర, బాల్కనీ దగ్గర అన్నాను. కుర్చీ ఈడ్చిన చప్పుడైంది.