అర నిమిషం పాట

మామగారు డబ్బు కట్టని పాట చెవిన వేసుకోరు. ఈ ఒక్కటీ మినహాయిస్తే ఆయనంత సర్దుకుపోయే మనిషి ఇంకొకరు ఉండరు. ఉప్పు మరిచిన కూర తింటారు, చక్కెర మరిచిన టీ తాగుతారు, కాలు విరిగిన కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంటారు. ఎక్కడైనా పాట మోగిందా, ఇక అంతే. "ఇది కొన్నదేనా?" అని అడుగుతారు. కాదంటే లేచి పోతారు. ఓసారి మంగలి దుకాణంలో ఒక చెంప గీయించుకుని, రెండో చెంప మీద నురగతోనే ఇంటికి నడిచి వచ్చేశారు. ఎదురైన వాళ్ళందరికీ "పాట ఆపలేదండీ" అని కారణం కూడా చెప్పుకుంటూ వచ్చారు.

ఆయన లిఫ్టు మెకానిక్. పెద్ద పెద్ద ఆఫీసుల లిఫ్టుల్లో సన్నగా సంగీతం వినిపిస్తుంటుంది కదా. మామగారు తాడు చూసి, బ్రేకు చూసి, నూనె వేసి, అంతా అయ్యాక మేనేజరుని పిలిపించేవారు.

"లిఫ్టులో వేస్తున్న పాటలకి అనుమతి తీసుకున్నారా?"

"లిఫ్టు పైకి వెళ్తుందా లేదా, అది చెప్పండి."

"లిఫ్టు వెళ్తుంది. పాటే దిగాలి."

మేనేజరు నవ్వి ఊరుకునేవాడు. మర్నాటి నుంచి ఆ లిఫ్టులో ఒకరి ఊపిరి ఒకరికి వినిపించేది. స్పీకరు తీగ ఎక్కడ ఊడిందో కనిపెట్టడం మామగారొక్కరికే చేతనవును. ఆయనకేమో తీరిక దొరికేది కాదు.

అత్తగారిది గొంతు విప్పి పాడే అలవాటు. ఆవిడ వంటింట్లో ఏదైనా కొత్త పాట అందుకుంటే, మామగారు హాల్లోంచి "ఉండు, ఉండు, పల్లవి దగ్గరే ఆగు, కొనుక్కొస్తాను" అని చొక్కా తగిలించుకునేవారు. ఫోనులో కొనుక్కునే రోజులు వచ్చాక చొక్కా అవసరం లేకపోయింది గానీ, ఆగమనడం మాత్రం ఆగలేదు.

"నా గొంతు, నా వంటిల్లు. మధ్యలో మీ గోలేమిటండీ?"

"గొంతు నీదే. పాట నీది కాదుగా."

"అయితే పోపు మాడితే ఆ పాట రాసినాయన వచ్చి తోముతాడా గిన్నె?"

ఇటువంటి ఇంటికి అల్లుడై వచ్చినవాడు పాటలన్నీ నెట్‌లోంచి ఊరికే దించుకునే మనిషి కావడం అతని కర్మ. అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవాళ్ళకి ఊసుపోవడానికి పొద్దస్తమానం పాటలు పెడతాడు. వాటిలో ఒక్కటీ కొన్నది లేదు. మామగారు మొదటిసారి కళ్ళు చూపించుకోవడానికి వచ్చిన రోజు అతనికి బాగా గుర్తు.

"మూడో వరుస చదవండి మామయ్యగారూ."

"కనిపించడం లేదు."

"పోనీ రెండోది."

"అదీ లేదు."

అల్లుడు కంగారుపడి అద్దం మార్చాడు. ఇంకా మందమైనది పెట్టాడు. తాటికాయంత అక్షరం కూడా కనిపించడం లేదన్నారు.

"ఆ పాట ఆపండి, కనిపిస్తుంది."

ఆపాడు. ఆయన చివరి వరుసతో పాటు, అక్షరాల అట్ట అడుగున చీమల్లా ఉన్న ప్రెస్సు చిరునామా కూడా చదివేశారు.

అల్లుడికి ఉక్రోషం వచ్చింది. "ఇందులో తప్పేముంది మామయ్యగారూ? ఒకడి చొక్కా పట్టుకొస్తే వాడికి చొక్కా ఉండదు. నేను పాట దించుకుంటే వాళ్ళ పాట వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఎవరికేం తగ్గింది?"

మామగారు ఒప్పుకున్నట్టే తలూపి చెప్పులు వేసుకున్నారు. "అయితే వెళ్ళొస్తాను. నా కళ్ళు చూశారు. మీ అద్దాలు మీ దగ్గరే ఉన్నాయి, అట్ట గోడకే ఉంది. మీకేం తగ్గింది?"

"అయ్యో, మీ దగ్గర తీసుకుంటానా? మీకు ఊరికే చూశాను."

"మీరు ఊరికే ఇచ్చారు, తీసుకున్నాను. వాళ్ళిచ్చారా?"

"చట్టం ప్రకారం తప్పేననుకోండి. కానీ దీనికోసం ఎవరూ పట్టుకోరు."

"పట్టుకోరు కాబట్టే మనల్ని మనం పట్టుకోవాలి" అని ఆయన మెట్లు దిగారు. దీనికి అల్లుడు సాయంత్రానికల్లా మంచి జవాబు తయారు చేసుకున్నాడు గానీ, చెప్పే సందర్భం మళ్ళీ రాలేదు.

పోయిన వానాకాలం అత్తగారికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తొందరగానే దారికొచ్చాయి. మాట రాలేదు. ఫోను పెట్టేస్తానంటూ ఇంకో గంట మాట్లాడే మనిషికి ఒక్క "సరే" మిగిలింది. టీయా కాఫీయా అంటే సరే. కిటికీ తెరవనా మూయనా అంటే సరే. కళ్ళలో మాట నిండుగా ఉండేది, నాలుక దాకా వచ్చి దారి తప్పేది. మాట నేర్పే డాక్టరమ్మ, ప్రయత్నం మాత్రం మానవద్దంది. చూడవచ్చిన బంధువులందరూ మంచం చుట్టూ చేరి "ఏదీ, నేనెవరో చెప్పు వదినా" అని పరీక్ష పెట్టేవారు. ఆవిడ గోడ వైపు తిరిగిపోయేవారు.

ఆ ఇంట్లో అందరి బెంగా ఒక్కటే, ఆవిడకి మాట వస్తుందా రాదా అని. మామగారు చూస్తే కొత్త పిచ్చిలో పడ్డారు. పాటలమ్మే కంపెనీవాళ్ళు, కొనేముందు రుచి చూడమని ప్రతి పాటా అర నిమిషం ఊరికే వినిపిస్తారు. ఆయన పొద్దున లేస్తే ఆవిడ పక్కన కూర్చుని అవే పెట్టడం. పాట ఊపందుకుని, ఒక మాట సగంలో ఉండగా టక్కున ఆగేది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. తర్వాత ఇంకోటి.

"మిగతా పాటేదీ నాన్నా?" అంది కూతురు.

"ఊరికే వినమన్నది అంతవరకే."

"కొనచ్చుగా."

"కొనేముందు వినాలిగా."

"నిన్నా విన్నావు, మొన్నా విన్నావు."

"తొందరేముంది?"

కూతురు వంటింట్లోకి వచ్చి మొగుడి దగ్గర గొణిగింది. "అమ్మ మంచంలో ఉంటే ఈయనకి పిసినారితనం పట్టుకుంది. పాట కూడా పూర్తిగా వినిపించడట."

అల్లుడి బాధ వేరు. ఆ సగం పాటలు అతనికి వీపులో అందని చోట దురదలా ఉండేవి. బండి మీద ఇంటికి వెళ్తూ, ఆగిన చోటి నుంచి చివరిదాకా పాడుకుంటే గాని నెమ్మదించేవాడు కాదు.

చివరికి అతనే ఒక చిన్న స్పీకరు తెచ్చి, అత్తగారికి ఇష్టమైన పాటలన్నీ తన అలవాటు ప్రకారం దించి, అందులో నింపి మంచం పక్కన పెట్టాడు. మామగారు దాన్ని చూశారు, అల్లుణ్ణి చూశారు. కూతురు గుడ్లురుముతోంది. ఆయన కూడా "సరే" అన్నారు. చెవుల్లో దూది కుక్కుకుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

అత్తగారు పొద్దస్తమానం పాటలు విన్నారు. కళ్ళు మూసుకుని, కడుపు నిండిన పసిపాపలా హాయిగా విన్నారు. అల్లుడు పొంగిపోయాడు. వారం తిరిగేసరికి భార్య దిగులుగా అంది. "అమ్మ ఇప్పుడు సరే కూడా అనడం లేదు. గమనించారా?"

పాటలు చాలలేదేమోననుకున్నాడు అల్లుడు. ఇంకాసిని దించుకుని, ఓ మధ్యాహ్నం దుకాణం మూసి అత్తగారింటికి బయల్దేరాడు. లిఫ్టు దిగేసరికి ఫ్లాటు తలుపు ఓరగా తీసే ఉంది. చెప్పులు పెడదామని వంగితే, చెప్పుల అరలో స్పీకరు. తీగ శుభ్రంగా ఊడదీసి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో చెప్పనక్కర్లేదు. అల్లుడికి ఒళ్ళు మండింది.

లోపల అర నిమిషం పాట మోగుతోంది. "గాలి వచ్చి తలుపు తట్టి నీ కబురు..." అని టక్కున ఆగింది.

ఆ తర్వాత ఒక గొంతు, బొంగురుగా, నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా అందుకుంది.

"చెప్పీ చెప్పక వెళ్ళిపోయె..."

అల్లుడు చెప్పు చేత్తో పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. చరణం కూడా అయ్యాక మామగారు టీ పెట్టడానికని ఇవతలికి వచ్చి అతన్ని చూశారు. పెదవి మీద వేలు పెట్టి, లిఫ్టు దగ్గరకి తీసుకెళ్ళారు.

"మాట రాకపోయినా పాట రావచ్చంది డాక్టరమ్మ. మొత్తం పాట పెడితే వింటుంది, పడుకుంటుంది. సగంలో ఆపితే ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. ఎవరూ చూడకుండా ఉంటే అందుకుంటుంది."

"ముందే చెప్పచ్చుగా మామయ్యగారూ."

"చెబితే మీ ఆవిడ మంచం పక్కన చేరి, ఏదీ అమ్మా పాడు అంటుంది. ఈవిడ గోడ వైపు తిరుగుతుంది."

"పోనీ నేను స్పీకరు తెచ్చినప్పుడైనా."

"అల్లుడు ప్రేమగా తెస్తే వద్దంటామా? వారం ఓపిక పట్టాను. దూది అయిపోయింది."

ఏయే పాటలు అందుకుంటోందో చూపిద్దామని ఆయన ఫోను తీశారు. అల్లుడు చూసి ఆశ్చర్యపోయాడు. "ఇవన్నీ పూర్తి పాటలే. కొనేశారుగా. మరి సగమే వినిపిస్తున్నారేం?"

"అర నిమిషం వరకూ ఊరికే. ఆ తర్వాతది ఆవిడ పాడుతోందిగా" అన్నారు మామగారు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "దానికి కట్టొద్దా?"

అల్లుడు తను తెచ్చిన పాటల సంగతి ఎత్తలేదు. ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళి అత్తగారి దగ్గర కూర్చున్నాడు. తనూ ఏదైనా చెయ్యాలనిపించింది. కిటికీ వైపు చూస్తూ, "గాలి వచ్చి తలుపు తట్టి" అని తీగ లాగినట్టు పాడి, "నీ కబురు" దగ్గర టక్కున ఆపాడు.

ఓరకంట చూశాడు. అత్తగారు గోడ వైపు తిరగలేదు. అతని మొహంలోకే చూస్తున్నారు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"శ్రుతి" అన్నారు ఆవిడ. కాసేపు వెతుక్కుని, "తప్పింది" అన్నారు.

అది పాట కాదు, మాట. టీ తెస్తున్న మామగారు కప్పుతో గుమ్మంలోనే ఆగారు. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని అన్నారు.

"అల్లుడుగారూ, ఆ పాట మీరు కొన్నదేనా?"

"కొంటున్నాను మామయ్యగారూ, ఇదిగో, కొంటున్నాను" అంటూ అల్లుడు జేబులు తడుముకున్నాడు.

"సరే" అన్నారు అత్తగారు.

చాలా రోజుల తర్వాత ఆ మాట పడాల్సిన చోటే పడింది.