ప్రతీకారంలో కారం

అరవైల చివర్లో మేం రేపల్లెలో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు. నాన్నగారు రామాలయంలో పురాణం చెప్పేవారు. ఆ ఏడాది ఏడు రోజుల సప్తాహం పెట్టుకుంటే బాపట్ల నుంచి మా మేనత్త వచ్చింది.

అమ్మకీ అత్తయ్యకీ అప్పటికి రెండేళ్లుగా మాటల్లేవు. తెనాలిలో ఒక పెళ్లిలో, పదిమంది ముందు, "మా మరదలు వండితే ఉప్పూ కారం పక్కింట్లో అడిగి తెచ్చుకోవాలి" అని నవ్విందట అత్తయ్య. ఈసారి అక్కయ్య మనసు కష్టపెట్టుకుని వెళ్తే ఇక మన గడప తొక్కదని నాన్నగారి బెంగ.

మొదటి రోజు కథలో ఒక రాజు తన తండ్రికి జరిగిన అవమానానికి ప్రతీకారం చేశాడు. నాకు తెలిసిన కారం వంటింటి జాడీలో ఉండేదొక్కటే. మనవాళ్లని ఏడిపించినవాళ్ల అన్నంలో తిరిగి వేసే కారం కాబోలు అనుకున్నాను.

అత్తయ్యకి ఎదురుపడడం ఇష్టంలేక అమ్మ మర్నాడు వడ్డన నాకు అప్పగించింది. అత్తయ్యకి పోసే పులుసులో రెండు చెంచాల కారం కలిపాను.

ఒక్క ముద్దకే అత్తయ్య కళ్ల వెంట నీళ్లు కారాయి. విస్తరి ముందు నుంచి లేవబోతూ, "తమ్ముడూ, మధ్యాహ్నం బండికి వెళ్లిపోతానురా" అంది.

నాన్నగారు అమ్మ వైపు చూశారు.

"నేను వెయ్యలేదండి, ఒట్టు" అంది అమ్మ.

నాకు ఏడుపొచ్చేసింది. "నేనే వేశాను. అమ్మ తరపున ప్రతీకారం చేశాను."

"ఏంటీ?"

"పక్కింట్లో కారం తెచ్చుకోవాలందిగా. అందుకని."

నాన్నగారు నవ్వలేదు. గుడిలో చెప్పినంత శ్రద్ధగానే చెప్పారు. "అది మిరప్పొడి కాదమ్మా. ప్రతి అంటే ఎదురు. కారం అంటే చెయ్యడం. పగకి పగ చేసినా ఆ మాటే, రోగానికి మందు వేసినా ఆ మాటే. పాత వైద్యులు చికిత్సని ప్రతీకారమనే అనేవారు."

గాయాన్నీ మందునీ ఒకే మాటలో పెట్టడం భగవంతుడి దయ అని ఇప్పటికీ నా నమ్మకం.

అత్తయ్య నోరు ఊదుకుంటూ, "పురాణం సాయంత్రం చెప్దువుగానిలేరా. ముందు నా నాలిక్కి ఆ రెండో ప్రతీకారం ఏదో చేయించు" అంది.

అమ్మ గబగబా లోపలికెళ్లి గడ్డపెరుగు తెచ్చి వడ్డించింది. కాసేపు గరిట పట్టుకుని నిలబడి, "ఇంకొంచెం వెయ్యనా వదినా?" అంది.

అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు.

మధ్యాహ్నం బండి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గుడిలో ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు.