అరగంట ఐరిష్

మా అమ్మాయి ఐరిష్ టీచర్ "రోజుకి అరగంట చాలు" అన్నప్పుడు నాకు నవ్వాగలేదు. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు అది. ఒక్కో టీచరు ముందూ వరసలో నిలబడి, మన వంతు వచ్చాక బల్లకి ఇవతల కూర్చుని, మన పిల్ల సంగతి విని లేవాలి. "ఆర్డినరీ లెవెలే కదా, పాసైతే చాలు కదా, సాయంత్రం అరగంట కూర్చుంటే గ్రాండ్" అందావిడ. నేను గుంటూరులో ఇంటర్ చదివినదాన్ని. అరగంటంటే మా హాస్టల్లో పుస్తకం ఎక్కడ పెట్టామో వెతుక్కోడానికి పట్టే టైము. "అరగంటా?" అన్నాను. ఆవిడ నావైపు జాలిగా చూసి, "మరీ కష్టమైతే ఇరవై నిమిషాలు" అంది.

బయటికొచ్చి మావారికి ఫోన్ చేసి ఈ ఘోరం చెప్పాను. ఆయన ఆస్పత్రిలో డాక్టరు, అప్పుడు వార్డులో ఉన్నారు. "నీ ఇంటర్ తీసుకెళ్ళి దానిమీద రుద్దకు" అని పెట్టేశారు.

ఇక్కడ ఐర్లండ్‌లో లీవింగ్ సర్ట్ అంటే మన ఇంటర్ లాంటిది. అందులో ఐరిష్ తప్పనిసరి. పన్నెండేళ్ళు దాటాక ఈ దేశం వచ్చిన పిల్లలకి మినహాయింపు ఉంటుంది. మా పిల్ల ఏడేళ్ళప్పుడు వచ్చింది, దొరికిపోయింది. దానికి తోడు వాళ్ళ నాన్న ఉద్యోగం. కాంట్రాక్టు ఎటు తీసుకెళ్తే అటు మూటాముల్లె సర్దుకుని పోవడమే. ముందు ఎన్నిస్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు "ఎలా ఉన్నావు" అనడానికి ఒక మాట నేర్చుకుంది. ఉత్తరాన ఈ చివరనున్న లెటర్‌కెన్నీకి వచ్చేసరికి అదే ప్రశ్నకి వేరే మాట. గుంటూరు పిల్లని శ్రీకాకుళం బడిలో కూర్చోబెట్టి, నీ యాస తప్పన్నట్టయింది. అప్పటినుంచి దానికి ఐరిష్ అంటే ఒళ్ళు మంట. కాలేజీ సీటుకి మిగతా ఆరు సబ్జెక్టులున్నాయి, ఐరిష్ మార్కులు దేనిలోనూ కలవవు. ఎంత చదివితే పాసవుతామో అంతే చదవాలి, అంతకి మించి ఒక్క అక్షరం చదివినా దండగ అన్నది దాని సిద్ధాంతం.

నా సంగతి కూడా చెప్పాలి. పొద్దున పూట ఊళ్ళో ఒక షాపులో కౌంటర్ దగ్గర పని చేసేదాన్ని. "హాయా, బ్యాగ్ కావాలా, థాంక్యూ, బై బై బై." నా నోట్లోంచి వచ్చే మాటలు రోజూ అవే. మధ్యాహ్నం ఇంటికొస్తే ఇల్లు ఖాళీ. మావారికి ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి. ఇంట్లో ఉన్నారంటే నిద్రపోతున్నారని అర్థం. తెలుగు డాక్టర్లు లేకపోలేదు. కానీ కాంట్రాక్టులు మారే జులై వచ్చిందంటే సగం మంది వేరే ఊరికి. ఒకమ్మాయి "ఆంటీ, మీ గుత్తొంకాయ సూపర్" అని గిన్నె నిండా తీసుకెళ్ళింది. ఆ గిన్నె తిరిగొచ్చేలోపే వాళ్ళు కార్క్ వెళ్ళిపోయారు. గిన్నె పోయినందుకు కాదు నా ఏడుపు. ఎవరితోనైనా ఒక మాట మొదలుపెడితే దాన్ని చివరిదాకా లాగే మనిషి దొరికేది కాదు.

కూతురుందిగా అంటారు. ఉంది. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో చెబుతుంది. అదీ అచ్చం మా డొనెగాల్ జిల్లా ఇంగ్లీషు. ఇక్కడ ప్రతి దానికీ ముందు 'వీ' తగిలిస్తారు, చిన్న అని దాని అర్థం. "అన్నం తింటావా?" అంటే "ఇన్ ఎ వీ మినిట్" అని గదిలోంచి కేక. ఆ చిన్న నిమిషం గంటసేపు సాగేది. హైస్కూలుకి వెళ్ళినప్పటి నుంచీ తెలుగు నోట్లోకి రానివ్వడం మానేసింది. అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం తెలుగులో రాదు. "ఒక్క ముక్క తెలుగులో మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని దెప్పేదాన్ని. "అమ్మా, ప్లీజ్" అనేది. అక్కడితో సరి.

ఆ ఏడు చలికాలం మొదట్లో, ఒక సాయంత్రం కిచెన్లో టేబుల్ దగ్గర అరగంట ఐరిష్ నడుస్తోంది. నేను సింకు దగ్గర అంట్లు తోముతున్నాను. ఉన్నట్టుండి పుస్తకం మూసి, "ఈ భాషలో హ్యావ్ అనే మాటే లేదు! హ్యావ్ లేకుండా ఎవడు కనిపెట్టాడు దీన్ని!" అని ఇంగ్లీషులో అరిచింది.

"మనకి మాత్రం ఎక్కడుందే?" అన్నాను యథాలాపంగా.

"వాట్?"

"నా దగ్గర పుస్తకం ఉంది అంటాం. అందులో నీ హ్యావ్ ఎక్కడుంది?"

అది నోరు తెరిచి నావైపు చూసింది. నేను చేతులు తుడుచుకుని పక్కన కూర్చున్నాను. పుస్తకంలో ఉన్న వాక్యం చదవమన్నాను. "తా లౌర్ అగమ్" అని చదివింది. ఒక్కో మాట మీదా వేలు పెట్టి అర్థం అడిగాను. తా అంటే ఉంది. లౌర్ అంటే పుస్తకం. అగమ్ అంటే నా దగ్గర. ఉంది, పుస్తకం, నా దగ్గర.

"ఓసినీ! ఇది తెలుగేనే. తలకిందులుగా నిలబడింది, అంతే" అన్నాను.

ఆ తర్వాత ఇద్దరికీ పిచ్చెక్కింది. ఇంగ్లీషువాడు 'ఐ యామ్ హంగ్రీ' అని, నేనే ఆకలిని అన్నట్టు మాట్లాడతాడా, మనకి ఆకలి 'నాకు' వేస్తుంది, వీళ్ళకి 'నా మీద' ఉంటుంది. పాలున్నాయా అని అడిగితే ఐరిష్‌వాడు అవునని కానీ కాదని కానీ అనడు. ఉంటే ఉన్నాయంటాడు, లేకపోతే లేవంటాడు, మనలాగే. లేదు అనడానికి వాళ్ళ మాట 'నీల్'. "పాలున్నాయా అంటే నీళ్ళంటాడేంటే, మా గుంటూరు పాలవాడిలా?" అన్నాను. అది పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఇంకోటి చెప్పు" అంది. తెలుగులో అంది. తెలుగులో అన్న సంగతి దానికే తెలియదు. నేను కిక్కురుమనలేదు, ఎక్కడ గుర్తొచ్చి మానేస్తుందోనని.

అప్పటినుంచి మా పద్ధతి అదే. ముందు మాట తెలుగులో అనాలి, తోకని, అంటే చివరనున్న క్రియని, తెచ్చి తలకి పెట్టాలి, ఆపైన ఐరిష్ మాటలు వెయ్యాలి. ఇంగ్లీషు మధ్యలోకి రాకూడదు. దాని తెలుగు తుప్పు పట్టిపోయింది. "నాకు ఇద్దరు ఫ్రెండ్ ఉంది" అనేది. తెలుగు వాక్యం కుదిరితే గానీ ఐరిష్‌కి వెళ్ళనిచ్చేదాన్ని కాదు. అరగంట కాస్తా ముప్పావుగంటయ్యేది, టీ పెట్టి గంట చేసేదాన్ని. లెక్కల్లో అది నాకు ఎప్పుడో అందనంత పైకి వెళ్ళిపోయింది, ఇంగ్లీషులో నన్నే దిద్దుతుంది. ఐరిష్‌లో మాత్రం ఇద్దరం ఒకటో తరగతే.

ఈస్టరుకి నోటి పరీక్ష ఉంటుంది. బయటినుంచి ఎగ్జామినర్ వచ్చి ఐరిష్‌లో కబుర్లు చెప్పిస్తారు. నీ కుటుంబం, నీ ఊరు, నీ స్నేహితులు, నిరుడు వేసవిలో ఏం చేశావు. అవన్నీ ముందు నాతో తెలుగులో చెప్పాలిగా. పాత స్కూలు గురించి మాట్లాడుతూ, ఎన్నిస్‌లో మొదటి ఏడంతా లంచ్ టైములో తన పక్కన ఎవరూ కూర్చోలేదని చెప్పింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వు అడగలేదు. ఇప్పుడు టాపిక్ వచ్చింది" అంది, మామూలుగా.

అలా ఆ సిలబస్ పుణ్యమా అని నా కూతురు నాకు పరిచయమైంది. సాయంత్రం ఎప్పుడవుతుందా అని షాపులో గడియారం చూసుకునేదాన్ని. ఇంకా ఏ టాపిక్కులున్నాయో నేనే వెతికి పెట్టేదాన్ని.

ఫిబ్రవరిలో స్కూల్లో ఉత్తుత్తి పరీక్షలు పెట్టారు. ఐరిష్‌లో బాగానే వచ్చింది. అదే కొంప ముంచింది. "నేను ఫౌండేషన్ లెవెల్‌కి దిగిపోతా" అంది. అది ఇప్పుడు చదివే ఆర్డినరీకన్నా కింద, అన్నిటికన్నా ఆఖరి మెట్టు. అది రాయడానికి ఇప్పుడు వచ్చింది చాలు, ఇక చదవక్కర్లేదు. మిగిలిన టైము కెమిస్ట్రీకి పెట్టుకోవచ్చట. లెక్క సరైనదే. కానీ అరగంట పోతే నాకింక మిగిలేది ఏముంది?

అది చెప్పలేక అరిచాను. "దిగేవాళ్ళు దిగుతూనే ఉంటారు. మా వంశంలో చదువులో వెనక్కి తగ్గినవాళ్ళు లేరు!"

"మీ వంశంలో ఐరిష్ ఎవరు చదివారు?" అంది ఠక్కున, తెలుగులో.

ఎంత ముద్దొచ్చిందో ఆ ఎదురు మాట! తిట్టాలో దిష్టి తీయాలో తెలియలేదు. ఆఖరికి రాజీ కుదిరింది. ఈస్టరు నోటి పరీక్షదాకా ఆర్డినరీయే, నాతో కూర్చుంటుంది. ఆ తర్వాత మిగిలేది రాత పరీక్ష, దానికి నా అవసరం లేదు, తనే చదువుకుంటుంది. సరేనన్నాను. ఇక ఈస్టరు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదనుకుంటూ గడిపాను.

రానే వచ్చింది. స్కూలు ముందు కారాపి కూర్చున్నాను. వాన. అది హుడ్డు కప్పుకుని పరుగెత్తుకొచ్చి ఎక్కింది, మొహం వెలిగిపోతోంది. ఇంగ్లీషులో గడగడా మొదలుపెట్టింది. ఎగ్జామినర్ ఎంతో మంచిదట. ఊరి గురించి అడిగిందట, వాన గురించి అడిగిందట, అన్నీ వచ్చాయట. "ఇంట్లో మీకు ఏ భాషలున్నాయి అని కూడా అడిగింది" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏం చెప్పావే?"

ఇంగ్లీషు ఉంది, కొంచెం ఐరిష్ ఉంది అని చెప్పిందట.

"మరి తెలుగో?"

అది సీటు బెల్టు పెట్టుకుంటూ నాకు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. తెలుగు అన్నామా, అదేం భాష అంటారు, ఎక్కడ మాట్లాడతారంటారు, నీకిష్టమా, ఎవరితో మాట్లాడతావు అంటారు. వాటికి జవాబులు తయారు చేసుకోలేదు. ఇంకో ప్రశ్న పుట్టించే మాట పరీక్షలో చచ్చినా అనకూడదు, క్లాసులో అందరికీ తెలిసిందే. "స్మార్ట్, కదా?" అంది.

తెలివైన పనే. ఏ పరీక్షకైనా ఎవరైనా చెప్పేది అదే.

"వాట్స్ ఫర్ డిన్నర్?" అంది.

"రైస్ అండ్ సాంబార్" అన్నాను. "దేర్ ఈజ్ సమ్ చికెన్ టూ, ఇఫ్ యూ వాంట్."

అది పుట్టాక నేను దానితో ఇంగ్లీషులో మాట్లాడటం అదే మొదలు. కావాలని అనలేదు, వచ్చేసింది. ఫోన్ తీయబోతున్న దాని చెయ్యి ఆగింది. నావైపు తిరిగి, "అమ్మా, కోపం వచ్చిందా?" అంది తెలుగులో.

"కోపం కాదే" అన్నాను. "రేపటినుంచి నువ్వు నాతో మాట్లాడవని భయంగా ఉంది."

దాని మొహం మారిపోయింది. ఏదో చెప్పబోయి ఆగింది. తెలుగు మాట కోసం వెతుక్కుంటోందని తెలుస్తోంది. నేను అందించకుండా ఆగాను. ఎంతసేపైనా ఆగుదామనుకున్నాను. అది నా చేతి మీద చెయ్యి వేసి, మెల్లగా అంది.

"ఐ టాక్ టు యూ ఆల్ ద టైమ్, అమ్మా."

అందులో అబద్ధమేమీ లేదు. నేను వైపర్లు వేసి, బండి ఇంటివైపు తిప్పాను.