ఒక్క కాపీ... ఇరవై మూడు పేర్లు

ఆ పాటల పత్రికలో వేసిన ఫోటో అబద్ధమని మీకు తెలుసు. తెలిసే కొన్నారు. ముద్దుగా ఉందని కత్తిరించి గోడకు అంటించుకున్నారు కూడా. అందుకే ఇది మీకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... టేకులపల్లికి ఆ పాటల పత్రిక నెలకు ఒకే ఒక్క కాపీ వచ్చేది. ఇల్లెందు బస్టాండు కొట్లో మా సువార్తక్క చెప్పి పెట్టించుకునేది. మా పెదనాన్న కూతురు, చర్చి పాటల బృందంలో ముందు గొంతు. నాకప్పుడు పన్నెండేళ్ళు, అక్కకు పందొమ్మిది.

పత్రిక రాగానే పాత పేపరుతో అట్ట వేసి, గూట్లో బైబిలు పక్కన పెట్టేది. అక్కడి నుంచి వంతులు. చర్చి పిల్లలం, హాస్టల్లో చదివే కోయ అమ్మాయిలు, మెకానిక్ షెడ్డు సలీం, పిండిగిర్ని వాళ్ళ రాధ... చదవడం అయిపోయినవాళ్ళు వెనక అట్ట మీద పేరు రాసి పక్కవాళ్ళకు ఇవ్వాలి. పేరు రాయకపోతే వచ్చే నెల వంతు పోయినట్టే. అది అక్క పెట్టిన చట్టం. నెలాఖరుకు వెనక అట్ట మీది సబ్బు ప్రకటన పేర్ల కింద మునిగిపోయేది.

ఒక నెల ఆ పత్రికలో ప్రకటన వచ్చింది. జిల్లాకొకరు చొప్పున యువ పాఠకుల ప్రతినిధులు కావాలట... యువతకు ఏం కావాలో రాసి పంపాలట, ఫోటోతో సహా.

అక్క మూడు సంగతులు రాసింది. పాట మొత్తం అచ్చు వేయండి, టేపు ఆపి ఆపి రాసుకోలేక చేతులు పడిపోతున్నాయి. వెనక డప్పు, తబలా వాయించేవాళ్ళ పేర్లు కూడా వేయండి. అడవి ఊళ్ళలో పాడుకునే పాటలకు ఒక పేజీ ఇవ్వండి, అక్కడా మా ఈడు వాళ్ళున్నారు.

ఫోటోకి ఇల్లెందు స్టూడియోకి వెళ్ళాం. స్టూడియో అన్న పౌడరు డబ్బా తీశాడు.

"జెర ఎక్కువనే కొట్టుకో చెల్లె, లేకుంటే ఫోటోల పడవు."

"నేను నల్లగనే ఉంట కదనే అన్నా... నల్లగనే తియ్యి."

ఎంపికైనట్టు కార్డు వచ్చింది. ఆ ఆదివారం చర్చిలో అందరికీ చూపించింది. తర్వాతి సంచిక కోసం హాస్టలు పిల్లలు కూడా మా ఇంటికే వచ్చి కూర్చున్నారు.

పేజీ తెరిస్తే... 'ఖమ్మం జిల్లా ప్రతినిధి సువార్త' అని ఉంది. పైన ఫోటోలో ఎవరో తెల్లటి అమ్మాయి... చెవులకు హెడ్‌ఫోన్లు, భుజాల మీదికి కత్తిరించిన జుట్టు. కింద 'నాకిష్టమైనవి: కొత్త డ్రెస్సులు, ఐస్‌క్రీం, షికార్లు.'

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "గీ పిల్లెవలే? నీ పేరు పెట్టుకొని కూసుంది?"

అక్క నన్ను చెయ్యి పట్టుకుని ఎస్టీడీ బూత్‌కు లాక్కెళ్ళింది. రిసీవరుకు అటు తను, ఇటు నేను చెవి ఆనించాం. పత్రిక ఆఫీసు ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"తప్పుగా అనుకోకమ్మా. ఇది యూత్ పత్రిక. చూడగానే యూత్ అనిపించాలి."

"నాకు పందొమ్మిదేండ్లు సార్. నేను యూత్ కానా?"

"అది కాదమ్మా... అసలు మీ ఊరికి మా కాపీలు ఎన్నొస్తాయి?"

"ఒక్కటి."

"మరి చూడు. ఉన్నదొక్క పాఠకురాలు..."

"కాపీ ఒక్కటి సార్. చదివేటోళ్ళం ఇరవై మూడు మందిమి. పేర్లు రాసున్నయ్."

ఆయన నవ్వాడు. "ఆ పేర్లు మాకెలా కనపడతాయమ్మా?"

"గట్లనా... కనపడేటట్టు చేస్త."

ఇంటికొచ్చి, అంతకుముందు నెల సంచిక వెనక అట్ట చింపింది. ఇరవై మూడు పేర్లు, ఇరవై మూడు చేతిరాతలు. కింద 'మీ యూత్ వీళ్ళే' అని రాసి, రిజిస్టర్ పోస్టులో పంపింది. జవాబు రాలేదు. మరుసటి నెల కాపీ తెచ్చుకోలేదు. అక్క ఆ తర్వాత ఎవరు ఫోటో అడిగినా ఇవ్వలేదు. పెళ్ళి ఫోటోల్లో కూడా తల వంచుకునే ఉంటుంది.

మేం చేసిన తప్పల్లా పంచుకోవడమే. తలా ఒకటి కొనుక్కుని ఎవరి గదిలో వాళ్ళు చదువుకుని ఉంటే మేం పాఠకులం అయ్యేవాళ్ళం. పంచుకున్నాం కాబట్టి లేనట్టే లెక్క. పత్రికవాళ్ళనే ఎందుకు తిట్టాలి? ఆ ముఖాన్ని ఇష్టపడి కొన్నది మీరు. మీరు కొన్నారు కాబట్టే వాళ్ళు వేశారు. కాదంటే వాదించండి, నేను ఇక్కడే ఉన్నాను.

అక్క ఇప్పుడు పినపాకలో నర్సు. ఈమధ్య ఫోన్లో వచ్చే ఒక పాటల పత్రిక యూత్ ముఖాలు కావాలంటే వాళ్ళమ్మాయి తన ఫోటో పంపింది. వేశారు. పిల్లదే ముఖం... కానీ సున్నం కొట్టినట్టు తెల్లగా మార్చి వేశారు. అక్క ఆ ఫోన్ నా చేతికిచ్చింది.

"నా టైంల ముఖమే మార్చిండ్రు. ఇప్పుడు రంగొక్కటే మార్చిండ్రు. గిన్నేండ్లకు గింత ముందుకు జరిగిండ్రే చెల్లే..."

పంచుకునే కాపీలు పోయాయి. ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి చెవిలో పాట వాళ్ళది. ఆ అబద్ధం మాత్రం అలాగే ఉంది. అందుకని పత్రికల వాళ్ళ దగ్గర, మీ దగ్గర నాకు ఇవి కావాలి:

మా పిల్లల ఫోటో వేస్తే, ఉన్న రంగులో వేయండి.

మా మాటలు అడిగితే, మేం అన్నవే వేయండి.

డప్పు కొట్టినవాళ్ళ పేరు రాయండి.

అడవి ఊళ్ళ పాటలకు ఒక పేజీ ఇవ్వండి. అడిగి చాలా ఏళ్ళయింది.

ఇది చదివినవాళ్ళు కింద మీ పేరు, ఊరు రాయండి. ఊరికే లైక్ కొట్టి పోకండి.

అప్పుడు అక్క పంపిన మా వెనక అట్ట మాకు తిరిగి ఇవ్వండి. అందులో సలీం చేతిరాత ఉంది. అతనిప్పుడు లేడు.