ముందు తల్లికి చూపించాలి

మేస్త్రీగారి గురించి చెప్పాలంటే ముందు ఆయన కట్టిన గోడల గురించి చెప్పాలి. చెప్పకపోతే ఆయనే మధ్యలో అందుకుని చెప్పేస్తారు. పల్లెబడిలో అయిదో తరగతి దాకా చదివి, పలక దించి తాపీ పట్టిన మనిషి. పేటలో పెద్ద బడి ఆయన కట్టిందే. దాని వెనకాల నీళ్ల ట్యాంకూ ఆయన కట్టిందే. మూడంతస్తుల బట్టల కొట్టులో మెట్లెక్కుతూ ఎవరైనా ఆయాసపడితే, "మెట్ల ఎత్తులో తేడా లేదు, తేడా మీ పొట్టలో ఉంది" అనేవారు. తాను పోసిన శ్లాబు నుంచి ఒక్క చుక్క కారినా మీసం తీసేస్తానని ఊరందరితో పందెం కాశారు. మీసం నెరిసింది గానీ ఊడలేదు. అసలు పేరు అందరూ మరిచిపోయారు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మేస్త్రీగారే.

భార్య పోయి చాలాకాలమైంది. ఇంటికి పెద్దదిక్కు ఆయన అక్క. కూతురూ అల్లుడూ, వాళ్ల అయిదేళ్ల పాపా మేడ మీద వాటాలో ఉంటారు. ఆ కూతురికి రెండో కానుపు కష్టమై, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లవాడు. గుండె సరిగా తయారు కాలేదన్నారు. పుట్టగానే వేరే గదికి పట్టుకుపోయి గాజుపెట్టెలో ఉంచారు. చేయాల్సిందంతా చేశారు. మర్నాడు పొద్దున వాడు పోయాడు.

పై అంతస్తులో పడుకున్న తల్లికి ఆ కబురు డాక్టరు చెప్పింది. ఆ పిల్ల ఏడవలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని, "నాన్నా, వాణ్ణి నాకు సరిగా చూపించలేదు. ఎవరూ తీసుకెళ్లకముందు ఒక్కసారి చూపించు" అంది. మందు మత్తులో మళ్లీ కళ్లు మూతలు పడ్డాయి.

మేస్త్రీగారు కిందికి దిగి వచ్చేసరికి వరండాలో అక్క అప్పుడే అన్నీ తేల్చేసింది.

"ఒరేయ్, అది లేచేలోపు కానిచ్చెయ్యండి. పచ్చి ఒళ్లు. చూస్తే తట్టుకోలేదు. చూడకపోతే త్వరగా మరిచిపోతుంది."

"అది చూపించమంది అక్కా."

"అంటుంది. జ్వరమొచ్చినవాడు చల్లనీళ్లు అడుగుతాడు, ఇచ్చేస్తామా? గోడలు కట్టడం కాదురా ఇది."

అల్లుడు గోడకు చేరగిలి కూర్చున్నాడు. ఊరంతటికీ కరెంటు పనులు చేసే కుర్రాడు, ఎక్కడ తీగ తెగినా ఇట్టే కనిపెట్టేస్తాడు. ఆ పూట మాత్రం తన కాలి చెప్పు ఎక్కడుందో తనకే తెలియలేదు. "మీరెలా అంటే అలాగే మామయ్యా" అన్నాడు.

మేస్త్రీగారికి ఒక అలవాటుంది. ఎంత పెద్ద పని నెత్తిన పడినా ఒకటే ప్రశ్న అడుగుతారు. పిల్లల గది సిస్టరు బయటికి రాగానే అదే అడిగారు: "అమ్మా, ఇప్పుడు ముందు చేయాల్సిన పనేంటి?"

ఆవిడ చేతులు తుడుచుకుని ఆయన పక్కనే కూర్చుంది. "ముందు తొందరపడకండి పెద్దాయనా. మిమ్మల్ని ఎవరూ వెళ్లగొట్టరు. బాబును ఇక్కడ జాగ్రత్తగానే ఉంచుతాం. కాగితాలు ఇవాళే కావాలని లేదు. కానీ రెండు రాయించుకోవాలి, పోయినట్టు ఒకటీ, పుట్టినట్టు ఒకటీ. చాలామంది రెండోది వదిలేస్తారు. పుట్టాడు కదా, ఆ మాట కూడా కాగితం మీద ఉండాలి. ఇక మీ అమ్మాయి చూస్తానంటే చూడొచ్చు, ఎత్తుకోవచ్చు, స్నానం చేయించొచ్చు. వద్దంటే బలవంతం లేదు. అది ఆమె ఇష్టం, మనది కాదు."

అక్క ముఖం తిప్పుకుంది. "నా మొదటివాణ్ణి నాకు చూపించలేదు. గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. నేను బతకలేదా?"

మేస్త్రీగారు మెల్లగా అన్నారు: "బతికావు అక్కా. కానీ మొన్నీమధ్య కూడా నన్నడిగావు, వాడికి జుట్టుందా అని. నాకేం తెలుసు? నేనప్పటికి లాగు వేసుకోవడం కూడా రాని వెధవని."

మేస్త్రీగారు అక్క పక్కకు జరిగి కూర్చున్నారు.

"నా మాట విను. శ్లాబు పోసే ముందు ఇంటివాళ్లను పిలిచి లోపల కట్టిన ఇనుప ఊచలు చూపిస్తాను. ఎంత తొందరున్నా సరే, మబ్బు పట్టినా సరే. పోశాక చూడాలంటే ఎవరి తరం కాదు. పగలగొట్టి చూస్తారా? తర్వాత జీవితమంతా కింద పడుకుని పైకి చూస్తూ అనుమానపడాల్సిందే. నా ఇల్లు కాని ఇళ్లకే అలా చేశాను. నా కూతురికి చెయ్యనా?"

అక్క లేచింది. చీర చెంగు బిగించి, "ఆ సిస్టరును గోరువెచ్చని నీళ్లు తెమ్మను. పిల్లాడికి నీళ్లు పోయడం మీ మేస్త్రీలకేం వచ్చు, సిమెంటు కలిపినట్టు కలిపేస్తారు" అంది.

పక్కనున్న చిన్న గదిలోకి తల్లిని చక్రాల కుర్చీలో తెచ్చారు. అక్క నీళ్లు పోసింది, తల్లి తుడిచింది. కొన్న చొక్కా బాబుకు మరీ పెద్దదైంది. అక్క చొక్కా చేతులు మడిచి మడిచి పెట్టింది. "నావాడూ ఇంతే ఉండి ఉంటాడు" అని తనలో తనే అనుకుంది. బాబుకు నల్లటి ఒత్తు జుట్టు. సిస్టరు అడిగి, తల్లి ఒప్పుకున్నాకే కాస్త కత్తిరించి చిన్న కవరులో పెట్టి ఇచ్చింది. ఫొటో తీయబోయిన అల్లుడికి ఫోనులో ఏది నొక్కాలో తోచలేదు. "ఇటివ్వండి, మీరు ముగ్గురూ దగ్గరగా కూర్చోండి" అని సిస్టరే తీసింది. "ఇప్పుడు చూడాలనిపించకపోతే చూడకండి. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. అప్పుడు లేదనుకోకూడదు."

ఆఫీసులో ముద్రలు వేసే సిరా తెచ్చి తెల్లకాగితం మీద పాదాల గుర్తు వేస్తుంటే మేస్త్రీగారు ముందుకు వంగారు. ఎడమకాలి బొటనవేలు మిగతా వేళ్లకు దూరంగా, పక్కకు తిరిగి ఉంది. ఆయనకు ఉండబట్టలేదు.

"చూశారా? ఇది నా వేలు. నిచ్చెన పట్టు దొరికే వేలు ఇది! ఈ వేలితోనే నీళ్ల ట్యాంకు పైదాకా ఎక్కాను."

కూతురు నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చింది. "అయితే వీడూ మేస్త్రీయే నాన్నా" అంది. ఆ గదిలోనే బిడ్డకు పేరు పెట్టింది. ఆ పేరు ఆ ఇంటివాళ్లది, ఇక్కడ రాయడం లేదు.

అమ్మాయి కారులో కూర్చోగలదని డాక్టరు చెప్పేదాకా ఆగారు. శ్మశానానికి నలుగురే వెళ్లారు. బాబును మట్టిలో పెట్టాక మేస్త్రీగారు సంచిలోంచి ఇటుకలు తీసి ఆ చోటు చుట్టూ ఒక వరస కట్టారు. ఆయన జన్మలో కట్టిన వాటిలో అంత చిన్నది లేదు. రసమట్టం పెట్టి, ఎగుడుదిగుడు లేదని మరీ చూసుకున్నారు.

ఇంటి దగ్గర పని అసలు అప్పుడు మొదలైంది. మేస్త్రీగారు మనుషులకు పనులు పంచడంలో ఆరితేరినవారు. ఫోన్లన్నీ ఆయనే తీసుకున్నారు. మూడో అంతస్తు మీద నుంచి కింద ఇసుక జల్లించేవాణ్ణి పిలిచే గొంతు అది, ఆ గొంతునే తగ్గించుకుని అందరికీ ఒకే మాట చెప్పారు: "బాబు పుట్టాడు, ఒక రోజున్నాడు, పోయాడు. అమ్మాయి కోలుకుంటోంది. రండి, కూర్చోండి. ఎందుకు పోయాడని మాత్రం అడక్కండి, మాకూ అది డాక్టరే చెప్పాలి." అల్లుడు టీకాలు వేసే ఆసుపత్రికి వెళ్లి బాబు పేరు తీయించి వచ్చాడు. లేకపోతే నెల తిరగ్గానే టీకాకు రమ్మని తల్లికే కబురు వస్తుందని సిస్టరు ముందే చెప్పింది.

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి ఎవరికీ తట్టనిది. "బిడ్డ లేకపోయినా పాలు వస్తాయమ్మా. భయపడకు. చల్లని తడిగుడ్డ వేసుకో, ఒంటికి సరిపోయే లోపలి బట్ట వేసుకో. సలుపు మరీ ఎక్కువైతే కాస్త తీసెయ్యి, పూర్తిగా పిండొద్దు. ఎర్రగా గట్టిపడి జ్వరమొస్తే వెంటనే రా." పాలు వచ్చినరోజు అక్క గట్టిగా గుడ్డ బిగించబోయింది. "వద్దన్నారు అత్తా" అంది అమ్మాయి. "ఈ కాలంవాళ్లు దేన్నీ బిగించనివ్వరు" అని గొణుక్కుంటూ అక్కే గుడ్డలు తడిపి తడిపి అందించింది. ఆ గుడ్డల మధ్య ఇద్దరూ ఎన్ని మాటలు చెప్పుకున్నారో వాళ్లకే తెలుసు.

పాపకు మాత్రం తమ్ముడు నిద్రపోయాడని ఎవరో చెప్పారు. ఆ పిల్ల పడుకోనంటే పడుకోనని భీష్మించుకుంది. మేస్త్రీగారు ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు.

"తమ్ముడు నిద్రపోలేదమ్మా. చచ్చిపోయాడు. వాడి గుండె పనిచేయలేదు."

"నాది పనిచేస్తుందా?"

"చెయ్యి పెట్టి చూడు. డబడబా కొట్టుకోవట్లా?"

"వాడికి ఆకలేయదా తాతా?"

"వేయదు. చలీ వేయదు, నొప్పీ ఉండదు."

"నేను వాణ్ణి తిట్టాను, నా బొమ్మలు తీసుకుంటాడేమోనని. అందుకా?"

"ఛీ ఛీ. తిడితే పోయేటట్టయితే మీ పెద్దమ్మమ్మ నోటికి నేను ఎప్పుడో పోవాలి."

వంటింట్లోంచి అక్క, "వింటున్నానురా!" అంది. పాప పడుకుంది.

అమ్మాయి ఇల్లు చేరకముందే ఊయల తీసేద్దామని పొరుగువాళ్లు వచ్చారు. మంచికే వచ్చారు పాపం. మేస్త్రీగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు: "దానిదేదైనా దాన్ని అడిగే తీద్దాం." కొన్నాళ్లు ఊయల అలాగే ఉంది. ఒక మధ్యాహ్నం అమ్మాయి తనంతట తను మొగుణ్ణి పిలిచి, బట్టలు మడిచి, "అటక మీద పెట్టు, ఇచ్చెయ్యొద్దు" అంది.

డాక్టరు మళ్లీ రమ్మన్నరోజు తండ్రీ కూతుళ్లు వెళ్లారు. ఇందులో నీ తప్పేమీ లేదని, వచ్చేసారి గర్భంలోనే గుండె పరీక్ష చేయిస్తామని డాక్టరు విడమరిచి చెప్పింది. మేస్త్రీగారు ఒట్టి చేతులతో రాలేదు, సంచిలో తాపీ, కాస్త సిమెంటు తెచ్చారు. పిల్లల గది గుమ్మం దగ్గర గచ్చు పెచ్చు లేచి, బండి చక్రం ప్రతిసారీ ఎగిరిపడుతోంది. అనుమతి అడిగి, మోకాళ్ల మీద కూర్చుని సరిచేశారు.

సిస్టరు బయటికి వచ్చింది. మేస్త్రీగారు లేచి నిలబడ్డారు. "అమ్మా, నేను పెద్ద బడి కట్టాను, నీళ్ల ట్యాంకు కట్టాను..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. "నువ్వు ఆరోజు చేసిన పని ముందు అవేవీ లెక్కలోకి రావు. నా కూతుర్ని నిలబెట్టావు. నీ మేలు మరిచిపోను."

"నేను చెప్పానంతే, చేసింది మీరు" అంది సిస్టరు. అమ్మాయిని అటువైపు గుమ్మం నుంచి లోపలికి తీసుకెళ్లి స్టూలు చూపించి, "కూర్చో. బాబు సంగతులు చెప్పు, నేను చూసింది ఒక్కరోజే కదా" అంది.

ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. అందరూ మరిచిపొమ్మన్నవాళ్లే. అమ్మాయి కూర్చుని, కడుపులో ఉన్నప్పుడు వాడు ఏ పాట వింటే తన్నేవాడో అక్కణ్ణుంచి మొదలుపెట్టింది.

మేస్త్రీగారు గుమ్మం దగ్గరే కాపలా నిలబడ్డారు. డాక్టరు హడావిడిగా వస్తుంటే రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"సిమెంటు ఆరలేదండీ, అటువైపు నుంచి రండి. మా అమ్మాయి లోపల మాట్లాడుతోంది, కాస్త నెమ్మదిగా."