పేపర్లో కన్నాలు, బావిలో వరుసలు

భయాన్ని కత్తెరతో కత్తిరించెయ్యవచ్చని నమ్మిన తెలివితక్కువ తండ్రిని నేను. అదీ ఒకరోజు కాదు, దాదాపు నెల్లాళ్లు నమ్మాను.

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు ద్రాక్ష పాదులు పీకేసి ఇళ్లకు పునాదులు తవ్వుతున్న రోజులవి, ఎనభైల చివర. అలాంటి ఒక కొత్త కాలనీలో, ఒకప్పటి తోట యజమానుల ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఒక ఆదివారం పేపర్లో భూమి వేడెక్కిపోతోందని, వానలు గతి తప్పుతాయని చదివింది. అదే వారం పక్క వీధిలో మూడు బోర్లు వేశారు. రెండూ కలిపి తనే ఒక లెక్క కట్టుకుంది. మర్నాటి నుంచి స్నానానికి అరబకెట్టు చాలంది. తర్వాత అన్నం కూడా అరకంచానికి దిగింది.

"అన్నం ఉడకాలన్నా నీళ్లే కావాలి కదా నాన్నా" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. అది మొదటి తప్పు.

రెండో తప్పుకు సలహాదారు ఎదురింటి లెక్కల మాస్టారు. ఆయనదీ మా గుంటూరు వైపే. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు.

"పిల్లలకి పేపరెందుకండీ? తెలియకపోతే భయమే ఉండదు. పైగా వచ్చే ఏడు టెన్త్. ఆపించేయండి."

పేపరు ఆపడానికి నాకు మనసొప్పలేదు. క్రికెట్ స్కోరు ఎవరు చెబుతారు? అందుకని మధ్యేమార్గంగా పొద్దున్నే లేచి, ఎండ, వాన, కరువు అన్న మాట కనబడిన చోటల్లా కత్తిరించి దాచేవాణ్ణి. ఆ వేసవిలో అవి తప్ప వార్తలేమున్నాయి? మా వాటాకి ఉన్నది ఒకే కిటికీ. మా పేపరుకి మాత్రం రోజూ అయిదారు.

పిల్ల కన్నాలకేసి చూసి పేపరు మడిచి పెట్టేసేది. కంచంలో అన్నం మాత్రం ఇంకా తగ్గింది.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటి యజమానురాలు పెరటి బావి గట్టున కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, చదువు రాదు. కాలనీ అంతటికీ అవ్వ.

"సారూ, జర గిట్ల రా. పేపర్లు కోస్తున్నవంట గదా?"

"ఎవరు చెప్పారవ్వా?"

"నీ బిడ్డనే. రోజు మా ఇంట్ల గూసొని, మాకొచ్చే నిండు పేపర్ సదివి ఇనిపిస్తది. నువ్వు ఏడ కోసినవో ఆడికెల్లే షురూ జేస్తది."

నేను చేతిసంచీ దించి గట్టు మీద కూర్చున్నాను.

"ఏమంటున్నదో ఎరుకేనా? మా నాయననే దాస్తున్నడంటే గది నిజమే ఉంటది అవ్వా, నాయనకు సుత భయమైతున్నది అంటున్నది."

"మరి మీరేం చెప్పారు?"

"ఏం జెప్పాలె? నాకు సుత భయమే అని జెప్పిన. అబద్ధమాడి ఏం జేద్దు?"

ఆమెకో అలవాటుంది. బావిది రాతి కట్టడం. పైనుంచి నీళ్లదాకా ఎన్ని రాళ్ల వరుసలు బయటపడ్డాయో ప్రతి ఆదివారం లెక్కపెడుతుంది. తోటకు నీళ్లు పెట్టాలా ఆపాలా అన్నది ఆ లెక్కతోనే తేల్చేవారట. తోట పోయినా లెక్క పోలేదు.

"నాకు కండ్లు ఆన్తలేవు. గీ ఐతారం సంది నీ బిడ్డ లెక్కవెడ్తది" అంది. అడగలేదు, చెప్పింది.

ఆ రోజే, దాచిన ముక్కలన్నీ తెచ్చి అమ్మాయి ముందు పెట్టాను. నాకూ భయంగానే ఉందని, ఏం చెప్పాలో తెలియక కోశానని ఒప్పుకున్నాను. ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఎంత వంకరగా కోశావు నాన్నా" అంది.

ఒక్కరోజులో ఏమీ మారలేదు. ప్రతి ఆదివారం అమ్మాయి గట్టు మీద బోర్లా పడుకుని వరుసలు లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకునేది. భయం పోయిందా అని నేనూ, మా ఆవిడా దాని మొహమే చూస్తుండేవాళ్లం. అదేమో కప్పు మీద పడే వాననీళ్లు బావిలోకి పోయేలా రేకు కాలువ కట్టించమని అవ్వను సతాయించింది. అది కట్టిన రోజు నిచ్చెన పట్టుకోవడం నా వంతు. నాలుగు వానలు పడ్డాక రెండు వరుసలు మునిగాయి.

"మల్ల ఎండాకాలంల తేల్తయ్ బిడ్డా" అంది అవ్వ, ఉన్నమాట.

"తెలుసవ్వా" అంది మా అమ్మాయి. ఆ మధ్యాహ్నం అన్నం మారు వడ్డించుకుంది.

ఇక మాస్టారి సంగతి. ఆయన మేడ మీద ట్యాంకు రోజూ పొంగి రోడ్డు తడిపేది. ఒక సెలవురోజు టీకి పిలిచి, అమ్మాయినీ దాని పుస్తకాన్నీ ఎదురుగా పెట్టి, పనుందని నేను లేచి వెళ్లిపోయాను. గంటన్నర తర్వాత వచ్చేసరికి టీ చల్లారిపోయింది, రోజూ పొంగిపోయే నీళ్ల లెక్క విని ఆయన మొహం పాలిపోయింది. మర్నాడు పొద్దున్నే మోటారు కట్టేసి మా బావి దగ్గరికొచ్చారు. కళ్లజోడు సర్దుకుంటూ వంగి లెక్కపెట్టారు.

"పదకొండండీ."

మా అమ్మాయి రాసిందీ పదకొండే. అయినా నేను, "ఒకటి తప్పినట్టుంది మాస్టారూ, మళ్లీ చూడండి" అన్నాను. పిల్లలకి పేపరెందుకన్న మనిషిని మూడుసార్లు వంచాను.