మగ్గం మీద తెగిన పోగు

నాలుగేళ్ల కిందటి ఈ సంగతి అప్పుడే రాద్దామంటే, అప్పటికి నాకు అక్షరాలు రావు.

పల్లె నుంచి వచ్చిన నాకు మనవరాలు వరంగల్ చూపిస్తూ, ఒక తోటలోని మ్యూజియంకి తీసుకెళ్లింది. లోపల ఒక మగ్గం ఉంది; మూతపడిన బట్టల మిల్లుదని మనవరాలు చెప్పింది. ఆ మిల్లులోనే మా ఆయన ముప్పై ఏళ్లు నేశాడు. చనిపోయేముందు మంచంలో కూడా దుప్పటి అంచు పోగులు ముడివేస్తూనే ఉన్నాడు.

మగ్గం మీద ఒక పోగు తెగి వేలాడుతోంది. ఆయన నేర్పిన ముడి నా చేతులు వాటంతటవే వేశాయి.

"ఓ అమ్మా! ముట్టద్దని బోర్డు పెట్టినం, కనబడ్తలేదా?" కాపలాదారు అరిచాడు. అందరూ నన్నే చూశారు.

"కనబడ్తాంది బిడ్డా. చదువ రాదు," అన్నాను. "జర చూడు, అండ్ల ఈ మిల్లుల నేసిన మా ఇంటాయన పేరున్నదా?"

అతను మెత్తబడి బోర్డంతా పైకి చదివాడు. యంత్రం పేరుంది. నేసినవాళ్ల పేర్లు ఒక్కటీ లేవు.

మర్నాడు పొద్దున్నే, ఆయన పేరు రాయడం నేర్పమని మనవరాలి ముందు పలక పట్టుకుని కూర్చున్నాను.